పికప్ ఉంటే చాలదు: స్పోర్టీ కారులో కుడికాలికి పని నేర్పడం

సెకండ్ హ్యాండ్ కారు చూడ్డానికి వచ్చినవాళ్లు మన దగ్గర అడిగేవి రెండే ప్రశ్నలు. మైలేజ్ ఎంత ఇస్తుంది? పికప్ ఎలా ఉంది? పికప్ అంటే వాళ్ల లెక్కలో తొక్కగానే వీపు సీటుకి అతుక్కోవాలి. నేనూ అలా అడిగే ఒక పోలో జీటీ టీఎస్ఐ కొన్నాను. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, 105 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. వీపు బాగానే అతుక్కుంది. కారు నడపడం మాత్రం ఆ తర్వాత ఏడాదికి గానీ రాలేదు.

అప్పటిదాకా నాకు పట్టని సంగతి ఒకటుంది. తొక్కడం ఎవరికైనా వచ్చు, ఎత్తడమే రాదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఎప్పుడు, ఎంత మెల్లగా లేస్తుందన్నదాని మీదే మలుపులో కారు ఎటు పోతుందన్నది ఆధారపడి ఉంటుంది. కింద చెప్పేదంతా ముందు చక్రాలు లాగే టర్బో పెట్రోల్ కార్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. మన రోడ్ల మీద స్పోర్టీ అనిపించుకునేవి ఎక్కువగా అవే: పోలో జీటీ, ఐ20 ఎన్ లైన్, వర్టస్ జీటీ లాంటివి.

మొదటి పని: గాలి, చెప్పులు, మ్యాట్

హ్యాండ్లింగ్ బాగోలేదని సస్పెన్షన్ మార్చే ముందు గాలి చూపించండి. ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ తెరిస్తే పక్క పిల్లర్ మీదో, పెట్రోల్ మూత లోపలో స్టిక్కర్ ఉంటుంది. బండి కనీసం రెండు, మూడు గంటలు కదలకుండా నిలబడి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూపించినదే లెక్క. ముందు టైర్లలో నాలుగైదు పీఎస్ఐ తగ్గినా, స్టీరింగ్ తిప్పాక కారు ఒక్క క్షణం ఆలోచించి తిరిగినట్టు ఉంటుంది. నైట్రోజనా, మామూలు గాలా అన్న చర్చ తర్వాత పెట్టుకోవచ్చు, ఎంత ఉందన్నది ముందు చూడండి.

టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని. టైరు మీది గాళ్లు (గాడులు) బాగా కనబడుతున్నా, ఏళ్ల తరబడి ఎండలో నిలబడిన రబ్బరు గట్టిపడిపోతుంది. తడి రోడ్డు మీద దాని సంగతి బయటపడుతుంది. గాళ్ల మధ్య చిన్న దిమ్మల్లా ఉండేవి అరుగుదల గుర్తులు. రబ్బరు వాటికి సమానంగా వచ్చిందంటే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. ఆ టైర్లతో ఈ గైడ్‌లోని మిగతా పనులేవీ మొదలుపెట్టకండి.

ఇక కాలు. హవాయి చెప్పులతో నడిపేవాళ్లు మనలో చాలామంది. చెప్పు మడత పడి పెడల్ కింద ఇరుక్కునే ప్రమాదం సరే, దానికంటే రోజూ జరిగే నష్టం ఇంకోటి: పెడల్ ఎంత దిగిందో పాదానికి తెలియదు. పల్చటి అడుగు ఉన్న బూట్లు వేసుకోండి. మడమ నేల మీద ఆనించి ఉంచి, వేళ్ల వెనక భాగంతో నొక్కండి. కాలంతా గాల్లో పెట్టి తొక్కితే ప్రతి గతుకుకీ మీకు తెలియకుండానే రేజ్ ఇస్తుంటారు. కంపెనీ మ్యాట్ మీద ఇంకో మ్యాట్ వేసి ఉంటే తీసేయండి. అది జరిగి పెడల్‌ను పట్టేసిందంటే కాలు ఎత్తినా లాభం ఉండదు.

రెండో పని: పెడల్ వెనక ఏముందో తెలుసుకోవడం

పాత మారుతీల్లో యాక్సిలరేటర్ పెడల్‌కి ఒక కేబుల్ ఉండేది. అటు చివర కార్బొరేటర్‌లోనో, థ్రాటిల్ బాడీలోనో ఉన్న, ఇంజన్‌లోకి గాలి వదిలే రేకు తలుపును అది లాగేది. మీ కాలు ఎంత కదిలితే తలుపు అంత తెరుచుకునేది. ఇప్పటి కార్లలో ఆ కేబుల్ లేదు. పెడల్ దగ్గరున్న సెన్సర్లు కాలు ఎంత దిగిందో కంప్యూటర్‌కి చెబుతాయి, తలుపు ఎంత తెరవాలో కంప్యూటర్ ఆలోచించి ఒక చిన్న మోటారుతో తెరిపిస్తుంది. అంటే మీరు ఇచ్చేది ఆజ్ఞ కాదు, అర్జీ. పొగ నిబంధనలు, ట్రాక్షన్ కంట్రోల్, క్రూజ్ కంట్రోల్ అన్నీ చూసుకుని అది ఆ అర్జీ మీద సంతకం పెడుతుంది.

ఎకో, నార్మల్, స్పోర్ట్ బటన్లు చేసే పనిలో ఎక్కువ భాగం ఈ సంతకం దగ్గరే జరుగుతుంది. స్పోర్ట్‌లో పెడల్ కాస్త దిగితేనే, నార్మల్‌లో ఎక్కువ దిగినప్పటి స్పందన వస్తుంది. ఆటోమేటిక్ అయితే గేర్లు కూడా ఆలస్యంగా మారతాయి. చివరిదాకా తొక్కితే మాత్రం చాలా కార్లలో రెండిట్లో వచ్చే పవర్ ఒకటే.

బజారులో అమ్మే పెడల్ బాక్సుల కథ కూడా ఇదే. నేనొకటి బిగించుకున్నాను. కౌంటర్ మీదున్నాయన పికప్ డబుల్ అవుతుందన్నాడు. మొదటి రెండు రోజులు నిజమే అనిపించింది. మూడో రోజు ట్రాఫిక్‌లో బండి కప్పలా గెంతడం మొదలుపెట్టింది. అది చేసేదల్లా సెన్సర్ నుంచి వచ్చే అంకెను పెంచి కంప్యూటర్‌కి చెప్పడమే, ఇంజన్‌కి ఒక్క పీఎస్ కూడా కలపదు. పైగా పెడల్ మొదటి సగంలోనే అంతా వచ్చేస్తే, మలుపులో రవ్వంత ఇవ్వాల్సినప్పుడు ఇవ్వడానికి కాలికి చోటు మిగలదు. తీసి అలమరలో పడేశాను.

టర్బో గురించి ఒక్క మాట చెప్పాలి, ఎందుకంటే అది అర్జీని మరింత ఆలస్యం చేస్తుంది. ఇంజన్ వదిలే పొగతో తిరిగి, ఇంజన్‌లోకి గాలిని అదనంగా తోసే చక్రం అది. ఆ అదనపు తోపునే బూస్ట్ అంటారు. ఆర్‌పీఎం బాగా తక్కువగా ఉన్నప్పుడు ఎంత తొక్కినా తగినంత పొగ ఉండదు, బూస్ట్ రాదు. ఆర్‌పీఎం సరిపడా ఉన్నా చక్రం వేగం అందుకోవడానికి కొంత సమయం పడుతుంది. తిన్నటి రోడ్డు మీద ఈ ఆలస్యం చిరాకు, అంతే. మలుపులో ప్రమాదం. 1975లో వచ్చిన పోర్షే 911 టర్బోకి భయపెట్టే బండి అని పేరు రావడానికి సగం కారణం ఇదే. మలుపు మధ్యలో తొక్కితే ఏమీ రాదు. ఇంకాస్త తొక్కాక అంతా ఒకేసారి వస్తుంది. హడలిపోయి కాలు ఎత్తితే, వెనక ఇంజన్ ఉన్న ఆ బండి తోక తిప్పేస్తుంది.

మూడో పని: ఖాళీ రోడ్డు మీద కాలి సాధన

ఆదివారం ఉదయం ఆరింటికి, కనుచూపు మేర కనబడే రోడ్డు చూసుకోండి. వేగంతో పని లేదు, గంటకి 30 నుంచి 60 కిలోమీటర్ల మధ్య చాలు. వెనక ఎవరూ రాకుండా చూసుకోండి.

రెండో గేర్లో 30 దగ్గర పెట్టి, ముల్లు అటూ ఇటూ కదలకుండా ఒక నిమిషం నడపండి. తేలిక అనుకుంటాం గానీ మొదటిసారి ఎవరికీ కుదరదు. కుదిరాక, ఒకటి రెండు మూడు అని లెక్కపెట్టుకుంటూ పెడల్‌ను సగం దాకా దించండి. మళ్లీ ఒకటి రెండు మూడు అని లెక్కపెడుతూ పూర్తిగా ఎత్తండి. దించేటప్పుడు బాగానే ఉంటుంది. ఎత్తేటప్పుడు మూడు అనే లోపే కాలు పైకి వచ్చేస్తుంది. పక్కన ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకోండి. వాళ్ల తల ముందుకు ఊగిందంటే మీరు ఫెయిల్. నాకు మార్కులు వేసింది మా ఆవిడ. మూడు వారాలు ఫెయిల్ చేసింది.

మీ కారులో టర్బో ఏ ఆర్‌పీఎం దగ్గర మేలుకుంటుందో కూడా అప్పుడే చూసుకోండి. మూడో గేర్లో 1300 నుంచి పెడల్ సగం దాకా నొక్కి పట్టుకుంటే, బండి ఒక చోట ఒళ్లు విరుచుకుని లేచినట్టు లాగుతుంది. నా బండిలో అది 1800 దగ్గర. ఆ అంకె గుర్తుపెట్టుకోండి, మలుపు దగ్గర పని పడుతుంది.

నాలుగో పని: బరువు ఎటు పోతోందో లెక్క

ఇక్కడ కాస్త లెక్కలు తప్పవు. 1200 కిలోల కారు, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య రెండున్నర మీటర్లు, గరిమనాభి నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉందనుకుందాం. నిలబడి ఉన్నప్పుడు 720 కిలోలు ముందు చక్రాల మీద, 480 వెనక చక్రాల మీద ఉంటాయి. బ్రేక్ గట్టిగా, అంటే గురుత్వాకర్షణలో సగం బలంతో పడితే 120 కిలోలు వెనక నుంచి ముందుకి వచ్చేస్తాయి. మనకి ముక్కు కిందకి వంగినట్టు కనిపించేది అదే.

కాలు ఎత్తడం కూడా చిన్న బ్రేకే. మలుపులో మీరు 0.2 జీ, అంటే గురుత్వాకర్షణలో ఐదో వంతు బలంతో లాగిస్తున్నారనుకోండి. వెనక చక్రాల మీద 528 కిలోలు ఉంటాయి. తక్కువ గేర్లో ఉండి ఠక్కున కాలు ఎత్తేశారు, ఇంజన్ 0.15 జీ బలంతో వెనక్కి పట్టింది. వెనక చక్రాల మీద ఇప్పుడు 444. బ్రేక్ ముట్టుకోకుండానే 84 కిలోలు, అంటే ఒక నిండు మనిషి బరువు, అర సెకను లోపు వెనక సీట్లోంచి ముందుకి దూకినట్టు. బరువు తగ్గిన టైరుకి పట్టు తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఆ వెనక టైర్లు బండిని మలుపులో నిలబెట్టాల్సి ఉంటుంది.

అదే 84 కిలోలు రెండు సెకన్లలో మెల్లగా వచ్చాయనుకోండి, వెనక టైర్లు సర్దుకుంటాయి. పైగా ముందు టైర్లు బరువెక్కి స్టీరింగ్ బాగా పనిచేస్తుంది. మాజ్దా కంపెనీ 2016లో జీ వెక్టరింగ్ కంట్రోల్ అని ఒకటి తెచ్చింది. డ్రైవర్ స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టగానే కంప్యూటర్ ఇంజన్ టార్క్‌ను మనకి తెలియనంత తగ్గించి, ముందు చక్రాల మీదకి కాస్త బరువు జరుపుతుంది. మంచి డ్రైవర్ కుడికాలు చేసే పనినే వాళ్లు సాఫ్ట్‌వేర్‌లో రాశారు.

టైరు పట్టుకి కూడా లెక్క ఉంది. మొత్తం 100 మార్కులనుకుంటే, 80 మలుపుకి వాడినా తొక్కడానికో బ్రేకుకో ఇంకా 60 మిగులుతుంది, ఎందుకంటే ఇది కూడికలు కాదు, పైథాగరస్. 95 వాడేస్తే మిగిలేది 31. అంచు దగ్గరకి పోయేకొద్దీ మిగులు ఎలా కరిగిపోతుందో చూడండి.

ఐదో పని: ఒక హెయిర్‌పిన్ మలుపు, మొదటి నుంచి చివరి దాకా

మన్ననూరు దాటి నల్లమలలోంచి శ్రీశైలం వెళ్లే రోడ్డు తెలుసుకదా. దోమలపెంట తర్వాత డ్యామ్ వైపు దిగేటప్పుడు వరసగా మలుపులు. అలాంటి మలుపు ఒకటి తీసుకుందాం, వ్యాసార్థం 15 మీటర్లు. పొడి రోడ్డు మీద మంచి టైర్లకి గంటకి దాదాపు 39 కిలోమీటర్ల దగ్గర పట్టు అయిపోతుంది. అదే మలుపులో ఇసుకో, తడి ఆకులో ఉంటే 28 దగ్గరే అయిపోతుంది. మలుపు అవతల ఇసుక ఉందో లేదో ఇవతల నుంచి కనబడదు. అందుకే నా అంకె 24, అంతకంటే ఒక్కటీ ఎక్కువ కాదు. ఈ వేగం చూసి వెనక బొలెరో వాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి.

మలుపుకి ముందు, రోడ్డు ఇంకా తిన్నగా ఉన్నప్పుడే బ్రేక్ పని పూర్తి చేయండి. గేర్ కూడా అక్కడే దించండి. మాన్యువల్ అయితే క్లచ్ తొక్కి, రెండో గేర్ వేసి, క్లచ్ వదిలే ముందు చిన్న రేజ్ ఇవ్వండి. లేకపోతే ఇంజన్ ఒక్కసారిగా చక్రాలను పట్టేస్తుంది. బండి కుదుపు తిని ముందు టైర్ల పట్టు చెడుతుంది. ఆటోమేటిక్ అయితే మాన్యువల్ మోడ్‌లో పెట్టి మీరే దించండి. దాని మానాన దాన్ని వదిలేస్తే మలుపు మధ్యలో గుర్తొచ్చి దించుతుంది.

బ్రేక్‌ను కూడా ఒక్కసారిగా వదలకండి. స్టీరింగ్ తిరిగేకొద్దీ బ్రేక్ మీద కాలు తేలిక చేయండి. చేతులు తొమ్మిదింటి దగ్గర, మూడింటి దగ్గర ఉండాలి. కళ్లు బానెట్ మీద కాదు, మలుపు బయటకి తెరుచుకునే చోట. బ్రేక్ పూర్తిగా వదిలేశాక కుడికాలు యాక్సిలరేటర్ మీదకి వచ్చి, వేగం పెరగకుండా తగ్గకుండా ఉండేంత రేజ్ ఇస్తుంది. మూడో పనిలో 30 దగ్గర ముల్లు నిలబెట్టడం నేర్చుకున్నది ఇందుకే. ఇప్పుడు నాలుగు చక్రాల మీదా బరువు కుదురుగా ఉంటుంది.

స్టీరింగ్ వెనక్కి తిరగడం మొదలయ్యాకే పెడల్ కిందకి దిగాలి. ఈ రెండిటికీ మధ్య దారం కట్టి ఉందనుకోండి: స్టీరింగ్ ఎంత నిటారు అయితే పెడల్ అంత దిగాలి. రెండో గేర్ ఎందుకంటే, 24 దగ్గర కూడా ఆర్‌పీఎం మరీ పడిపోదు. మలుపు దాటుతుండగానే టర్బో మేలుకునే అంకె అందుతుంది. మూడో గేర్లో వస్తే తొక్కినా ఏమీ రాదు, చికాకుతో ఇంకా తొక్కుతారు, ఇంకా స్టీరింగ్ తిరిగి ఉండగానే బూస్ట్ అంతా ఒకేసారి దిగుతుంది. ముందు చక్రాలు తిప్పడమూ లాగడమూ రెండూ చేయలేక తిన్నగా రోడ్డు అంచుకి పోతాయి. ఘాట్‌లో అంచు అవతల ఏముంటుందో చెప్పక్కర్లేదు.

ఇదంతా మీ వరసలోనే చేయాలి. సినిమాల్లోలాగా అవతలి వరసలోకి పోయి మలుపును కోసేస్తే, ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుంది. హెయిర్‌పిన్‌లో ఆ బస్సుకి మొత్తం రోడ్డు కావాలి. ఎక్కే బండికి దారి ఇవ్వడం మన పద్ధతి, చట్టం కూడా అదే చెబుతుంది.

ఈ రోడ్డు మీదే నేను పాఠం నేర్చుకున్నాను. రెండేళ్ల కిందట, తొలకరి పడ్డ మర్నాడు. ఎడమ మలుపులో మూడో గేర్, 50 దాకా ఉంది. ఆ మలుపు అంత బిగుతు కూడా కాదు. మధ్యలో కోతుల గుంపు. కాలు ఠక్కున ఎత్తేశాను. వెనక భాగం మెత్తగా, నెమ్మదిగా కుడి వైపు జరగడం నడుముకి తెలిసింది. భయం వేయడానికి కూడా టైం లేదు. డాష్‌బోర్డు మీద జారుతున్న కారు బొమ్మ లైటు టపటపా వెలిగి ఆరింది, బండి జారితే తనంతట తానే బ్రేక్ వేసి కాపాడే ఈఎస్‌సీ ఏదో చక్రాన్ని పట్టుకుని బండిని తిన్నగా చేసింది. కోతులు కదల్లేదు. నేను పక్కకి ఆపి పది నిమిషాలు కూర్చున్నాను.

ఆరో పని: జారితే ఏం చేయాలి

రెండు రకాలుగా జారుతుంది. స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిన్నగా పోతుంటే అది అండర్‌స్టీర్. మన ముందు చక్రాల కార్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. స్టీరింగ్ ఒక్కసారిగా తేలికవుతుంది, అదే గుర్తు. ఇంకా తిప్పాలనిపిస్తుంది, తిప్పకండి. కాస్త వెనక్కి వదిలి, కాలు మెల్లగా సగం ఎత్తండి. బరువు ముందుకి వచ్చి టైర్లు మళ్లీ పట్టుకుంటాయి.

వెనక భాగం బయటికి పోతుంటే ఓవర్‌స్టీర్, నాకు శ్రీశైలం దారిలో వచ్చింది. అప్పుడు చూపు వెళ్లాల్సిన వైపే ఉంచి, స్టీరింగ్ అటే తిప్పండి. బ్రేక్ మీద కాలు వేయకండి. ముందు చక్రాల కారైతే రవ్వంత రేజ్ ఇస్తే బరువు వెనక్కి వెళ్లి బండి నిలబడుతుంది. చదవడానికి బాగుంటుంది కానీ, సాధన లేని కాలు ఆ క్షణంలో రేజ్ ఇవ్వదు. అందుకే ఈఎస్‌సీ బటన్ జోలికి పోవద్దు. ఆ లైటు ఒకసారి వెలిగిందంటే మీ నైపుణ్యానికి మెచ్చి చప్పట్లు కొట్టినట్టు కాదు. అప్పు పుట్టినట్టు, మళ్లీ పుడుతుందన్న నమ్మకం లేదు.

వానలో స్పోర్ట్ మోడ్ తీసేయండి. మెత్తగా స్పందించే పెడల్ ఉంటే కాలి తప్పులు చిన్నవిగా మిగులుతాయి. ఎలక్ట్రిక్ కార్లు నడిపేవాళ్లకి ఇంకో మాట. వాటిలో ఆలస్యం దాదాపు ఉండదు, కానీ రీజెన్, అంటే కాలు ఎత్తగానే మోటారే బండిని పట్టి బ్యాటరీ నింపుకునే ఏర్పాటు, ఎక్కువ పెట్టుకుంటే గట్టి బ్రేక్ పడినట్టే. నాలుగో పనిలోని 84 కిలోలు అక్కడ ఇంకా పెరుగుతాయి. తడి ఘాట్ మీద రీజెన్ తగ్గించి నడపండి.

ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ చేసి పెట్రోల్ మిగిల్చే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. గేర్లో ఉండి కాలు ఎత్తితే ఇప్పటి ఇంజన్లు పెట్రోల్ పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో పెడితే ఇంజన్ ఆగకుండా ఉండటానికైనా తాగుతూనే ఉంటుంది. పైగా బ్రేకులు ఒంటరివైపోతాయి.

నిజంగా అంచు ఎక్కడుందో చూడాలనుంటే రోడ్డు మీద వెతకొద్దు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ రేసు జరిగింది గానీ, అది తాత్కాలికంగా వేసిన ట్రాక్. శాశ్వతమైనవాటిలో చెన్నై శివార్లలో ఇరుంగాట్టుకోట్టై ట్రాక్, కోయంబత్తూరులో కరి స్పీడ్‌వే ఉన్నాయి. శిక్షణ కార్యక్రమాలు, సొంత కారుతో నడిపే రోజులు జరుగుతుంటాయి. ఒక్క రోజు అక్కడ గడిపితే రోడ్డు మీద తొందర చాలావరకు తగ్గుతుంది. నాకు తగ్గింది.

చివరగా, ఘాట్ నుంచి ఇంటికి వచ్చాక ముందు టైరు దగ్గర కూర్చుని బయటి అంచు మీద చెయ్యి పెట్టి చూడండి. రబ్బరు చిన్న చిన్న ముద్దలుగా లేచి, పక్క గోడ మీద రాసి ఉన్న అక్షరాల దాకా రుద్దుకుపోయి ఉంటే, మీరు మలుపులోకి వేగంగా వచ్చి స్టీరింగ్‌తో నెగ్గుకొచ్చారన్నమాట. మళ్లీ మూడో పని నుంచి మొదలుపెట్టండి. అంచూ మధ్య భాగమూ ఒకేలా, నున్నగా అరిగి ఉంటే, వచ్చే ఆదివారం పక్క సీట్లో ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని వాళ్ల మార్కులు కూడా అడగండి.